డ్రస్సాజ్ కోసం స్పానిష్ మేలుజాతి గుర్రాల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

పశువైద్యం చదివాక స్పెయిన్ దక్షిణాన, హెరెస్ ఊరి పక్కనున్న ఒక గుర్రాల ఫారంలో నాలుగు సీజన్లు పనిచేశాను. ఇంటికొచ్చినప్పుడల్లా చుట్టాలూ స్నేహితులూ అవే ప్రశ్నలు అడుగుతుంటారు. విదేశాల్లో ఉంటూ గుర్రపు స్వారీ నేర్చుకుంటున్న తెలుగువాళ్ళు ఇంకాస్త లోతుగా అడుగుతారు. అందరికీ కలిపి ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

పి.ఆర్.ఇ. అంటే ఏమిటి? అండలూసియన్ గుర్రం అన్నా ఇదేనా?

పుర రాసా ఎస్పాన్యోలా, అంటే అచ్చమైన స్పానిష్ జాతి. ఆ మూడు మాటల్లోని మొదటి అక్షరాలే పి.ఆర్.ఇ. రెండో ఫిలిప్ రాజు 1567లో మేలైన గుర్రాలను ఏరించి ఒకచోట చేర్చమని ఆదేశించాడు. కోర్దోబాలో రాజ అశ్వశాలలు 1570లో మొదలయ్యాయి. అంటే రాజు పనిగట్టుకుని తయారు చేయించిన జాతి ఇది. హెరెస్ దగ్గర కార్తూజియన్ మఠం సన్యాసులు కాపాడుకుంటూ వచ్చిన రక్తాన్ని ‘కార్తుహానో’ అంటారు. అది వేరే జాతి కాదు, ఇందులోనే ఒక పాయ.

ఇక పేరు సంగతి. వంశావళి పుస్తకం 1912లో మొదలైంది. అప్పుడే ‘స్పానిష్ జాతి’ అన్న పేరు ఖాయమైంది. అంతకుముందు ‘అండలూసియన్’ అన్న మాట ఎక్కువగా వాడేవాళ్ళు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ మాట వాడుతుంది కానీ, కొన్ని దేశాల సంఘాలు పోర్చుగల్ లూసిటానోతో కలిసిన పిల్లలను కూడా ఆ పేరు కింద రాసుకుంటాయి. కాబట్టి కొనేటప్పుడు ‘అండలూసియన్’ అన్న మాట చూసి ఆగిపోకండి. కాగితాల మీద పి.ఆర్.ఇ. అని ఉందో లేదో చూడండి. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్ళి ‘నెలోరె’ అయింది కదా, పేర్ల గందరగోళం మనకు కొత్తేమీ కాదు.

డ్రస్సాజ్ అంటే గుర్రంతో డాన్స్ చేయించడమా?

చూసేవాళ్ళకు అలాగే అనిపిస్తుంది. అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న ఇసుక బరిలో, రౌతు ఇచ్చే కనీకనపడని సంకేతాలకు గుర్రం ఎంత తేలిగ్గా, ఎంత లయగా, ఎంత తిన్నగా స్పందిస్తుందో చూసి ఒక్కో కదలికకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. అన్నిటికంటే పై మెట్టు గ్రాండ్ ప్రి. అందులో గుర్రం ఉన్నచోటే లయగా అడుగులు ఎత్తివేస్తే పియాఫ్, గాల్లో ఒక్క క్షణం ఆగినట్టు తేలుతూ ముందుకు నడిస్తే పాసాజ్. ఈ రెండూ స్పానిష్ గుర్రానికి పుట్టుకతో దగ్గర. మిగతా జాతులకు ఏళ్ళు పట్టే పని ఇది మూడో ఏట ఆటలోనే చేసి చూపించడం నేను కళ్ళారా చూశాను.

పెద్ద పోటీల్లో నిజంగా నెగ్గుతాయా, లేక చూడ్డానికి అందమేనా?

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్పెయిన్ జట్టుకు డ్రస్సాజ్ రజతం వచ్చింది. ఆ జట్టులోని నాలుగు గుర్రాల్లో ఇన్వాసోర్, గీసో, ఓలియాహె అనే మూడు పి.ఆర్.ఇ.లే. అంతకు రెండేళ్ళ ముందు, 2002లో హెరెస్‌లోనే జరిగిన ప్రపంచ అశ్వక్రీడల్లో స్పెయిన్‌కు జట్టు కాంస్యం దక్కింది. 2010లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో ఫ్యూగో దె కార్దెనాస్ అనే పి.ఆర్.ఇ. గుర్రం సంగీతంతో చేసే ఫ్రీస్టైల్‌లో 81 శాతం పైన తెచ్చుకుని ఐదో స్థానంలో ఆగిపోతే, మార్కులు తక్కువేశారని స్టేడియం అంతా గోల పెట్టింది.

అయినా నిజం చెప్పుకోవాలి. పతకాల పట్టికలో ఎక్కువ భాగం ఇప్పటికీ జర్మనీ, హాలండ్, డెన్మార్క్ వార్మ్‌బ్లడ్ గుర్రాలదే (పోటీ స్వారీ కోసం పెంచిన యూరప్ జాతులు ఇవి). వాటికి పెద్ద పెద్ద అంగలు వేసే ట్రాట్ (ఒక మోస్తరు పరుగు) పుట్టుకతోనే వస్తుంది. మన స్పానిష్ గుర్రం అడుగు కుదించుకోవడంలో దిట్ట, చాచుకోవడంలో కొంచెం వెనక. పెంపకందారు పని అంతా ఈ వెనకబాటును పూడ్చుకోవడమే.

స్టాలియన్‌ను ఎలా ఎంచుకోవాలి?

స్టాలియన్ అంటే విత్తులు కొట్టించని మగగుర్రం. ఎక్కువమంది అడిగేదీ, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. నేనూ చేశాను.

మొదటి సీజన్‌లో మా ఫారం పెద్దాయన, ఫలానా ఆడగుర్రానికి ఈ మూడు స్టాలియన్లలో ఏదైతే బావుంటుందో చెప్పమన్నాడు. ఒకటి మెడ విల్లులా వంచి, భుజాల కిందికి జారే జూలుతో, వెండిలా మెరిసిపోతోంది. ఆలోచించకుండా అదే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే, నీళ్ళు చల్లి చదును చేసిన ఇసుక మీద ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా నడిపించి, నన్ను గుర్రాల వంక చూడనివ్వకుండా కేవలం గిట్టల ముద్రలు చూడమన్నాడు. ముందు కాలి ముద్రను దాటి వెనక కాలు ఎంత ముందు పడిందో వేళ్ళతో కొలిచాం. నాకు నచ్చిన జూలువీరుడి వెనక కాలు ముందు కాలి ముద్రలోనే పడింది. గోధుమరంగు మెడతో, ఫోటోకి పనికిరాని మూడోది జానెడు దాటి వేసింది. ఆ సంవత్సరం దాన్నే వాడాం.

వాక్ (మామూలు నడక) ఎందుకంత ముఖ్యమంటే, ట్రాట్‌ను శిక్షణతో చాలా బాగుచేయొచ్చు, వాక్‌ను బాగుచేయడం కష్టం, చెడగొట్టడం మాత్రం చాలా తేలిక. తర్వాత క్యాంటర్ (దౌడు) చూడండి. ముందుభాగం పైకి లేస్తోందా, వెనక కాళ్ళు పొట్ట కిందికి వస్తున్నాయా, వెన్ను బిగుసుకుపోకుండా ఊగుతోందా? వెనక మోకీలు చురుగ్గా మడిచి లేపుతోందా, ఈడ్చుకొస్తోందా?

స్పెయిన్‌లో ‘కాంపనేయో’ అనే మాట ఒకటి ఉంది. కాంపన అంటే గంట. ముందుకాలు తిన్నగా ముందుకు పడకుండా, గంట నాలుకలా పక్కకు ఊగుతూ వెళ్ళడాన్ని అలా అంటారు. జాతర ఊరేగింపుల్లో ఇది చూడముచ్చటగా ఉంటుందని ఒకప్పుడు మురిసిపోయేవాళ్ళు. డ్రస్సాజ్‌లో మాత్రం శక్తి పక్కదారి పడుతుంది, కీళ్ళ మీద భారం పెరుగుతుంది. మీ ఆడగుర్రంలో ఇది కొంచెమైనా ఉంటే, స్టాలియన్‌లో అస్సలు ఉండకూడదు. ఆ తర్వాత చూడాల్సింది మెడ. కొవ్వు పేరుకుని ఒక పక్కకు వాలిపోయిన మెడను పెద్ద దోషంగా లెక్కేస్తారు.

ఎక్స్‌రేలు అడగండి. కీళ్ళలో మృదులాస్థి సరిగా గట్టిపడక ముక్కలు ఊడే సమస్య ఈ జాతిలోనూ ఉంది. స్వభావం అడగండి. అంతకంటే, కాపలా మనిషి దాని గదిలోకి ఎలా వెళ్తున్నాడో గమనించండి. భుజం మీద తట్టి లోపలికి వెళ్ళాడంటే మీకు జవాబు దొరికినట్టే.

చివరగా పిల్లలను చూడండి. ఒక స్టాలియన్ ఎంత బాగా పోటీ చేసినా, ఆ గుణం పిల్లలకు దిగుతోందో లేదో వాటిని చూస్తేనే తెలుస్తుంది. వీలైతే వేర్వేరు తల్లులకు పుట్టిన ఐదారు పిల్లలను చూడండి. అన్నిట్లో కనిపించేది తండ్రి తాలూకు.

అంటే మంచి స్టాలియన్ దొరికితే సగం పని అయిపోయినట్టేనా?

కాదు. స్పానిష్‌లో గుర్రాల ఫారంను ‘యెగ్వాదా’ అంటారు. యెగ్వా అంటే ఆడగుర్రం. ఆడగుర్రాల మంద అన్న మాటే ఫారం పేరైపోయింది. నాలుగు వందల ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాళ్ళు తమ ఫారానికి ఎవరి పేరు పెట్టుకున్నారో గమనించండి. స్టాలియన్ వీర్యాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. మంచి తల్లుల వరస మాత్రం ఎవరూ అమ్మరు, అమ్మినా చివరి దాన్ని అమ్మరు.

జీను ఎక్కని, ఎలా కదులుతుందో ఎవరికీ తెలియని ఆడగుర్రాన్ని పేరున్న స్టాలియన్‌తో కలిపేస్తే లాటరీ టికెట్ కొన్నట్టే. కొన్ని నెలలైనా స్వారీ చేసి చూసిన తల్లి నాకు పతకం గెలిచిన తండ్రి కంటే నమ్మకం.

స్పెయిన్ వెళ్తే ‘కోబ్రా’ పోటీ తప్పక చూడండి. పాముతో సంబంధం లేదు. మూడో ఐదో ఆడగుర్రాలను పక్కపక్కనే కట్టి, ఒకే మనిషి పక్కన పరిగెత్తుతూ నడిపిస్తాడు. మగవాటికి జూలు దువ్వి జడలల్లుతారు, ఈ తల్లులకు మాత్రం మెడ మీది జూలు నున్నగా గొరిగేస్తారు. వెంట్రుకల చాటున దాచుకోవడానికి ఏమీ మిగలదు. హెరెస్‌లో మే నెల గుర్రాల తిరునాళ్ళలోనూ, సెవిల్‌లో ఏటా నవంబరులో జరిగే సికాబ్ అనే గుర్రాల ప్రదర్శనలోనూ ఇవి ఉంటాయి.

కాగితాలు, అనుమతులు ఎలా ఉంటాయి?

వంశావళి పుస్తకం మూసిన పుస్తకం. తల్లీ తండ్రీ ఇద్దరూ అందులో ఉండాలి, ఇద్దరికీ సంతానానికి అనుమతి ఉండాలి. పిల్లకు మైక్రోచిప్ వేసి, డి.ఎన్.ఎ. పరీక్షతో తల్లిదండ్రులను రుజువు చేస్తారు. 2007 నుంచి ఈ పుస్తకాన్ని సెవిల్‌లో ఉన్న పెంపకందారుల సంఘం ‘ఆంక్సే’ నడుపుతోంది. అంతకుముందు అది సైన్యం చేతిలో ఉండేది.

మూడేళ్ళు నిండాక మొదటి పరీక్ష. కొలతలు తీసి, దోషాలు చూసి, ‘ఆప్తో’ అంటే సంతానానికి పనికొస్తుందని రాసిస్తారు. ఎత్తు మగదానికి కనీసం 1.52 మీటర్లు, ఆడదానికి 1.50. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. డ్రస్సాజ్ మీద దృష్టి ఉన్నవాళ్ళు పై మెట్టు ‘కాలిఫికాదో’ స్టాలియన్ కోసం వెతకాలి. దానికి జీనుతో కదలికల పరీక్ష, ఎక్స్‌రేలు, జననాంగాల పరీక్ష కూడా ఉంటాయి. సంతానం ఫలితాలను బట్టి జన్యు లెక్కలతో ఇచ్చే గుర్తింపులు ఇంకా పైన ఉన్నాయి. ‘ఆప్తో’ అంటే పాసు మార్కు, అంతే. దాన్ని ఫస్ట్ క్లాసుగా అమ్మజూపేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త.

ఒకే వంశంలో దగ్గరి రక్తం కలపడం మంచిదేనా?

మనకు మేనరికం తెలుసు కాబట్టి ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. బావామరదళ్ళకు పుట్టిన బిడ్డలో రక్తసంబంధపు పాలు 6.25 శాతం. మేనమామ, మేనకోడలికి పుట్టిన బిడ్డలో 12.5. 2005లో ప్రచురించిన ఒక పరిశీలనలో పి.ఆర్.ఇ. జాతి సగటే 8 శాతం దాటింది. అంటే సగటు గుర్రమే బావామరదళ్ళ బిడ్డను మించి ఉంది. మూసిన పుస్తకం, కొద్దిమంది పేరున్న తండ్రులు, అందరికీ వాళ్ళ పిల్లలే కావాలి... ఇంకేం జరుగుతుంది?

‘మావి అచ్చ కార్తుహానో’ అని గర్వంగా చెప్పే అమ్మకందారు దగ్గర నాలుగైదు తరాల వంశావళి తీసుకుని ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో పెన్సిలుతో గీసుకోండి. చూడి నిలవకపోవడం, వీర్యం నాణ్యత తగ్గడం తరచూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ఎదకు ఎప్పుడొస్తుంది? దాటించాలా, సూది వేయించాలా?

ఆడగుర్రం పొద్దు పెరిగే కాలంలో ఎదకొస్తుంది. అక్కడ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా సీజన్. ముందుగా కావాలనుకునేవాళ్ళు డిసెంబరు నుంచే గదిలో లైటు వేసి రోజుకు పదహారు గంటల వెలుగు ఇస్తారు. చక్రం 21 రోజులు, అందులో ఐదు నుంచి ఏడు రోజులు ఎద. అండం విడుదలయ్యేది ఆ చివరి ఒకటి రెండు రోజుల్లో.

చిన్న ఫారాల్లో ఇంకా దాటిస్తారు. కానీ పోటీల్లో ఉన్న స్టాలియన్‌ను తన్నులకు వదలడం ఎవరికీ ఇష్టం ఉండదు. కాబట్టి డమ్మీ మీదికి ఎక్కించి వీర్యం సేకరిస్తారు. దాన్ని వడగట్టి, వెన్న తీసిన పాలపొడి, గ్లూకోజ్ కలిసిన ద్రావణంలో పలుచన చేసి, 5 డిగ్రీలకు చల్లబరిచి పెట్టెలో పంపుతారు. ఒకటి రెండు రోజులు పనికొస్తుంది.

గడ్డకట్టించిన వీర్యం సంగతి వేరు. మన ఊళ్ళలో గోపాలమిత్ర వచ్చి గేదెకు ఒక్క స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) వేసి వెళ్ళిపోతాడు కదా, గుర్రంలో అంత సులువు కాదు. ఒక్క డోసుకు చాలా స్ట్రాలు కావాలి. అన్ని స్టాలియన్ల వీర్యమూ గడ్డకట్టి బతకదు. పైగా అండం విడుదలైన ఆరు గంటల లోపు వేయాలి కాబట్టి ఆరేసి గంటలకు ఒకసారి స్కానింగ్. రాత్రి పన్నెండుకీ, పొద్దున ఆరుకీ చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని నిలబడటం నాకు బాగా గుర్తు.

పద్నాలుగు నుంచి పదహారు రోజుల మధ్య స్కానింగ్ తప్పక చేయించండి. కవలలు ఉంటే ఒకదాన్ని అప్పుడే నొక్కి తీసేయాలి. గుర్రం గర్భసంచిలో ఇద్దరికి సరిపడా మాయ పరుచుకోదు, ఆలస్యమైతే సాధారణంగా రెండూ పోతాయి. దేవుడిచ్చిన జంట అని సంబరపడే చోటు కాదిది.

ఒకే స్టాలియన్ పోటీలూ చేస్తూ సంతానమూ ఇవ్వగలదా?

ఇస్తుంది, ఈ జాతిలో అది మామూలే. కిటుకు ఏమిటంటే, వీర్యం తీసే రోజు వేసే తలపట్టీ వేరు, స్వారీకి వేసే కళ్ళెం వేరు, దారి కూడా వేరు. మా దగ్గర ఒకడికి ఆ గొలుసు తలపట్టీ గలగల వినిపిస్తే చాలు, దూరం నుంచే సకిలింపు మొదలు. స్వారీ కళ్ళెం చూస్తే మాత్రం బడికెళ్ళే పిల్లాడిలా మొహం పెట్టేవాడు. ఇంకో సంగతి. వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. కాబట్టి మార్చిలో జ్వరం వస్తే ఏప్రిల్, మేలో చూడి నిలవకపోవచ్చు. అప్పుడు ఆడగుర్రాన్ని తిట్టుకోకండి.

ఎన్నాళ్ళకు ఈనుతుంది? మనం దగ్గరుండాలా?

పదకొండు నెలలు, కాస్త అటూ ఇటూ. దగ్గరుండాలి, కానీ మీరున్నప్పుడు ఈనదు. పొదుగు చన్నుల కొసన మైనంలాంటి బొట్టు కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో అని అర్థం. ఎక్కువగా రాత్రిళ్ళే.

ఒక ఆడగుర్రం కోసం తొమ్మిది రాత్రులు గడ్డి మోపు మీద కూర్చున్నాను. పదో రాత్రి టీ కాచుకుందామని లేచి వెళ్ళి, గ్లాసుతో తిరిగొచ్చేసరికి గడ్డిలో తడితడిగా, చెవులు వేలాడేసుకుని ఒక పిల్ల నన్ను చూస్తోంది. నీళ్ళ సంచి పగిలాక ఇరవై, ముప్పై నిమిషాల్లో అంతా అయిపోతుంది. అదృష్టం బావుండి అంతా సవ్యంగా జరిగింది. అడ్డం తిరిగి ఉంటే ఆ టీ ఖరీదు పిల్ల ప్రాణం అయ్యేది. ఆ తర్వాత ఫ్లాస్కు కొన్నాను.

గుర్తుపెట్టుకోవాల్సినవి: గంటలో పిల్ల లేచి నిలబడాలి, రెండు గంటల్లో చన్ను పట్టాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఏ ఒక్కటి తప్పినా డాక్టరుకు ఫోన్ చేయండి. జున్నుపాలు మొదటి కొద్ది గంటల్లోనే తాగాలి, గుర్రప్పిల్లకు రోగనిరోధక శక్తి అక్కడి నుంచే వస్తుంది. జున్ను వండుకునే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. (నవ్వకండి, అడిగారు.)

ఎప్పుడు జీను వేయాలి? గ్రాండ్ ప్రి దాకా ఎన్నేళ్ళు?

ఆరు నెలలకు పాలు మాన్పిస్తారు. ఏడాది దాటేలోపు మగపిల్లలను వేరే మందలో పెడతారు. మూడు, మూడున్నరేళ్ళకు జీను. అంతర్జాతీయ గ్రాండ్ ప్రికి కనీస వయసు 8 ఏళ్ళు, చాలా గుర్రాలు పదేళ్ళు దాటాకే అక్కడ స్థిరపడతాయి. ఈ ఏడాది చూడి కట్టించిన పిల్లను గ్రాండ్ ప్రిలో చూడాలంటే మీకు కనీసం తొమ్మిది, పదేళ్ళ ఓపిక కావాలి. త్వరగా డబ్బు రావాలంటే కోళ్ళఫారం పెట్టుకోండి.

విత్తులు కొట్టించాలా?

మగపిల్లల్లో చాలావాటికి కొట్టించడమే మేలు. స్పెయిన్‌లో పౌరుషం పేరుతో అందరినీ స్టాలియన్లుగా ఉంచే అలవాటు ఉంది. అది నాకు నచ్చదు. స్టాలియన్‌గా ఉంచితే తోటి గుర్రాలతో కలిసి మేసే భాగ్యం చాలావాటికి పోతుంది, జీవితమంతా గదిలోనే. సంతానానికి నిజంగా పనికొస్తుందనిపించే ఒకటి రెండింటిని ఉంచుకుని మిగతావాటిని హాయిగా బతకనివ్వండి.

ఇండియాకు తెచ్చి పెంచొచ్చా?

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచాక ఈ ప్రశ్న పెరిగింది. ఆ రౌతులు యూరప్‌లో ఉండి, అక్కడి గుర్రాలతోనే తయారయ్యారు. గుర్రాన్ని ఇక్కడికి తేవడం ఒక ఎత్తు, ఇక్కడి నుంచి యూరప్ పోటీలకు తిరిగి పంపడం ఇంకో ఎత్తు. రోగాల నిబంధనలు చాలా కఠినం. కాబట్టి పోటీల కోసమైతే పెంపకం అక్కడే పెట్టుకోవడం మేలు.

తెల్ల పిల్ల కావాలి. పుడుతుందా?

తెల్లగా పుట్టదు. ఈ జాతిలో ఎక్కువ భాగం ‘గ్రే’ జన్యువున్నవే. పుట్టినప్పుడు నల్లగానో గోధుమగానో ఉండి, ఏడాదికేడాది తెల్లబడతాయి. కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు కనిపిస్తే ఇక తెల్లబడుతుందన్నట్టే. అదే జన్యువు వల్ల వయసు మళ్ళాక తోక కింద నల్లటి కణుతులు రావడం చాలా మామూలు, ఏటా తోక ఎత్తి చూస్తుండాలి. రంగు కోసం మాత్రం స్టాలియన్‌ను ఎంచుకోకండి. జడ్జీలు రంగుకు మార్కులు వేయరు.

నేను టీ కాచుకునేలోపు పుట్టిన పిల్ల ఆడది, బొగ్గు నలుపు. పేరు నన్నే పెట్టమన్నారు. కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు చూసి ‘వెన్నెల’ అన్నాను. స్పానిష్ నోటికి ‘వ’ తిరగదు, అక్కడ అందరూ దాన్ని ‘బెన్నెలా’ అంటారు. మొన్న పంపిన వీడియోలో మొహం అప్పుడే బూడిద రంగుకు వచ్చింది. నేను మాత్రం ముందు వెనక కాలు ఎక్కడ పడుతోందో చూశాను.